పేటెంట్ చట్టం మార్చింది.. హైదరాబాద్ ఫార్మా నగరమైంది: మందుల ధరల వెనుక ప్రభుత్వ విధానం

ఇంట్లో ఒకరికి షుగర్, మరొకరికి బీపీ. నెల తిరిగేసరికి మందుల షాపుకు వెళ్లక తప్పని కుటుంబాలు ఎన్నో. ఆ బిల్లు ఎంత రావాలన్నది కంపెనీ ఒక్కటే తేల్చే విషయం కాదు. ప్రభుత్వాలు చేసిన చట్టాలకూ అందులో పెద్ద పాత్రే ఉంది. హైదరాబాద్ మందుల పరిశ్రమ కథే దానికి మంచి ఉదాహరణ.

1972కు ముందు పరిస్థితి

స్వాతంత్ర్యం వచ్చాక కూడా దేశంలో బ్రిటిష్ కాలం నాటి 1911 పేటెంట్ చట్టమే నడిచింది. పేటెంట్ అంటే, కొత్తగా కనిపెట్టిన దాన్ని కొన్నేళ్లపాటు ఇతరులెవరూ తయారు చేయకుండా ఇచ్చే హక్కు. అప్పట్లో మందుల మార్కెట్ చాలావరకు విదేశీ కంపెనీల చేతిలోనే ఉండేది. పేద దేశమే అయినా ధరలు మాత్రం మండిపోయేవి.

జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త చట్టం చేశారు. అది 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మందు మీద పేటెంట్ ఉండదు, తయారీ పద్ధతి మీదే ఉంటుంది. అదీ గరిష్ఠంగా 7 ఏళ్లే. బిర్యానీతో పోల్చి చూస్తే సులువుగా అర్థమవుతుంది. కచ్చీ పద్ధతిలో వండేవారికి ఆ పద్ధతి మీద హక్కు ఉండొచ్చు. కానీ పక్కీ పద్ధతిలో వండేవారిని వాళ్లు ఆపలేరు. మన కెమిస్టులు అదే మందును వేరే దారిలో తయారు చేయడం మొదలుపెట్టారు.

బాలానగర్ నుంచి మొదలు

చట్టం మారితే సరిపోదు, పని తెలిసిన మనుషులూ కావాలి. కేంద్ర ప్రభుత్వం 1961లో ఐడీపీఎల్‌ను స్థాపించి, సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ కట్టింది. అక్కడ పని నేర్చుకున్న వాళ్లలో కొందరు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసిన వారే.

ముంబైలో ఖ్వాజా అబ్దుల్ హమీద్ 1935లో స్థాపించిన సిప్లా కూడా ఈ చట్టంతోనే బలపడింది. ఆయన కొడుకు యూసుఫ్ హమీద్ 2001లో ఎయిడ్స్ మందులను ఒక్కో రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించారు. అప్పటికి విదేశీ కంపెనీల మందులకు ఏడాదికి 10 వేల డాలర్లకు పైనే అయ్యేది. ఆఫ్రికాలో లక్షల మంది ప్రాణాలు నిలవడానికి ఆ చౌక మందులే దారి చూపాయి.

2005లో మళ్లీ మలుపు

ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందుకు ట్రిప్స్ ఒప్పందం ప్రకారం 2005 నుంచి మందుల మీదే 20 ఏళ్ల పేటెంట్ ఇవ్వాల్సి వచ్చింది. అయితే పార్లమెంటు రెండు రక్షణలు ఉంచింది. ఒకటి సెక్షన్ 3(డి). పాత మందుకు చిన్న మార్పు చేసి, అదనపు ప్రయోజనం చూపకుండా కొత్త పేటెంట్ అడిగితే కుదరదు. దీని ఆధారంగానే 2013లో సుప్రీంకోర్టు గ్లివెక్ అనే క్యాన్సర్ మందు విషయంలో నోవార్టిస్ కంపెనీ పిటిషన్ కొట్టేసింది.

రెండోది తప్పనిసరి లైసెన్సు. 2012లో హైదరాబాద్‌కు చెందిన నాట్కోకు, బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను తయారు చేసుకునే లైసెన్సు దక్కింది. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. నెలకు 2.8 లక్షల రూపాయలయ్యే మందు 9 వేల లోపుకు దిగింది. బేయర్‌కు రాయల్టీ కూడా ఇవ్వాలని షరతు పెట్టారు.

పట్టించుకోకపోతే ఏమవుతుంది

ఈ కథలో నష్టం కూడా ఉంది. 1990ల్లో ఐడీపీఎల్ ఖాయిలా పడింది. చౌకగా వచ్చే చైనా సరుకు ముందు నిలవలేక ఇక్కడి పెన్సిలిన్-జి తయారీ ఆగిపోయింది. చివరికి మందుల ముడిసరుకులో ఎక్కువ భాగం చైనా నుంచే తెచ్చుకునే పరిస్థితి వచ్చింది. 2020లో కోవిడ్ వచ్చాక గానీ ఆ ప్రమాదం అందరికీ అర్థం కాలేదు. అదే ఏడాది కేంద్రం ముడి మందుల తయారీకి 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది. ఆ పథకం కింద కాకినాడ జిల్లాలో అరబిందో గ్రూపు పెన్సిలిన్-జి ప్లాంటు మొదలైంది.

ఇంకో మూల్యం పటాన్‌చెరు చెరువులు చెల్లించాయి. ఫ్యాక్టరీలకు అనుమతులిచ్చినంత వేగంగా వ్యర్థాల మీద నిఘా పెట్టకపోవడంతో చుట్టుపక్కల రైతులు నీళ్లూ పంటలూ పోగొట్టుకున్నారు.

అందుకే పేటెంట్, దిగుమతి సుంకం, కాలుష్య నియంత్రణ లాంటి మాటలు వార్తల్లో వచ్చినప్పుడు పెద్ద కంపెనీల గొడవలే అని వదిలేయడానికి లేదు. వాటి ఫలితం ఇంట్లో మందుల బిల్లులోనూ, బీఫార్మసీ చదివిన పిల్లల ఉద్యోగాల్లోనూ కనిపిస్తుంది.