చారిత్రక ఆధారంగా ఉద్యానవనం: పోర్ట్‌లాండ్ గులాబీ తోట

పరిచయం

చారిత్రక ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. ప్రజలు రోజూ నడిచే తోట కూడా ఆధారమే. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ నగరం నిర్వహిస్తున్న అంతర్జాతీయ గులాబీ పరీక్షా వనాన్ని ఇందుకు ఉదాహరణగా పరిశీలిద్దాం.

నేపథ్యం

పోర్ట్‌లాండ్‌లో 1888 నాటికే గులాబీ పెంపకందారుల సంఘం ఉంది. 1907లో నగర గులాబీ ఉత్సవం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం (1914-18) వచ్చాక, యూరప్‌లోని సంకర గులాబీలు బాంబు దాడుల్లో నశిస్తాయన్న భయం కలిగింది. ఈ భయానికి బలమైన కారణం ఉంది. సంకర గులాబీ విత్తనం నాటితే అవే గుణాలున్న మొక్క రాదు. అంటు కట్టి గానీ, కొమ్మ నాటి గానీ ఆ రకాన్ని నిలుపుకోవాలి. మొక్కలన్నీ పోతే ఆ రకమే అంతరిస్తుంది.

అందుకే పత్రికా సంపాదకుడు, గులాబీ ప్రియుడు అయిన జెస్సీ కర్రీ 1915లో ఒక పరీక్షా వనం ఏర్పాటు చేయాలని నగర పాలకులను కోరాడు. 1917లో ఆమోదం లభించింది. 1918 తొలి నెలల్లో ఇంగ్లండ్ నుంచి మొక్కలు రాసాగాయి.

కాలక్రమం చెప్పే విషయం

ఇక్కడ విద్యార్థులు తేదీలను జాగ్రత్తగా గమనించాలి. యుద్ధం 1918 నవంబరులో ముగిసింది. తోట రూపకల్పనను ఫ్లారెన్స్ హోమ్స్ గెర్కీకి అప్పగించింది 1921లో. తోటను ప్రజలకు అంకితం చేసింది 1924 జూన్‌లో. అంటే, మొక్కలకు ఆశ్రయం ఇవ్వవలసిన అవసరం తీరిన తరువాతే తోటకు పూర్తి రూపం వచ్చింది. మరి అది ఎందుకు నిలిచింది?

మొదటిది, దానికి నిత్యం చేసే పని ఉంది. కొత్త రకాల తెగులు నిరోధక శక్తి, పూత, రంగు, సువాసనలను అక్కడ పరీక్షిస్తారు. రెండవది, అది ఒక వ్యక్తి ఆస్తి కాదు. ఫ్రాన్స్‌లో నెపోలియన్ భార్య జోసెఫీన్ మల్మెజోన్‌లో పేరొందిన గులాబీ సేకరణను పెంచింది. 1814లో ఆమె మరణించాక అది చెదిరిపోయింది. పోర్ట్‌లాండ్ తోట తొలి సంరక్షకుడైన కర్రీ 1927లో మరణించినా, నగరం ఆ బాధ్యతను కొనసాగించింది.

సారాంశం

ఒక సంస్థ పుట్టుకకు కారణం ఒకటి, అది కొనసాగడానికి కారణం మరొకటి కావచ్చు. ఈ రెండింటినీ కలిపివేస్తే చరిత్ర కథగా మిగిలిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరిలోని పాత పార్కును సందర్శించండి. దానిని ఎవరు, ఎందుకు ఏర్పాటు చేశారు? నేడు ఎవరి ఖర్చుతో, ఏ అవసరం కోసం నడుస్తోంది? పది వాక్యాలలో రాయండి.