మనసును అడిగే ప్రశ్నలు

కాగితం మీద టిక్కులు పెట్టించి మనసు సంగతి తెలుసుకునే పద్ధతి యుద్ధకాలంలో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి మోతలకు సైనికుల మనసులు చెదిరిపోతుంటే, అలాంటి ప్రమాదం ఉన్నవాళ్ళను ముందే గుర్తుపట్టాలని అమెరికాలో రాబర్ట్ వుడ్‌వర్త్ అవును-కాదు ప్రశ్నలు తయారుచేశాడు. మొత్తం 116. అవి సైన్యంలో వాడుకకు వచ్చేలోపే యుద్ధం ముగిసింది.

ఇక్కడ అమెరికాలో ఇప్పుడు డాక్టర్లు మన చేతికిచ్చే పీహెచ్‌క్యూ-9 వచ్చింది 2001లో. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గాని అంతకు మించి గాని వస్తే డాక్టరు ఇంకా వివరంగా మాట్లాడాలి. అంతేగాని, అదే రోగనిర్ధారణ కాదు.

నాకు బాగా నచ్చింది మాత్రం జింబాబ్వే కథ. అక్కడ పనిచేసిన ముంబై మనిషి విక్రమ్ పటేల్, ఆయన సహచరులు ఇంగ్లీషు ప్రశ్నల్ని అనువదించి ఊరుకోలేదు. షోనా భాషలో జనం తమ బాధను ఏమని చెప్పుకుంటారో విన్నారు. వాళ్ళ మాట ‘కుఫుంగిసిస’, అంటే అతిగా ఆలోచించడం. అలాంటి మాటలతోనే 1997లో 14 ప్రశ్నలు వెలువడ్డాయి. తర్వాత హరారేలో చెట్టుకింద బెంచీల మీద అమ్మమ్మలు కూర్చుని వాటినే అడగసాగారు.

మన పెద్దవాళ్ళు మాత్రం ‘డిప్రెషన్’ అంటారా? “ఏమీ తోచట్లేదు, ఒకటే ఆలోచనలు, నిద్ర పట్టదు” అంటారు. ఇంగ్లీషు కాగితం ఇస్తే అన్నిటికీ సున్నా పెట్టేయవచ్చు. ఆ సున్నాలు చూసి నిశ్చింతగా ఉండకండి. పక్కన కూర్చుని మన మాటల్లో అడగండి. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు వస్తే, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.