మొదటి క్యాన్సర్ ఓపీ: రోగి ఆందోళన, వైద్యుల మాటతీరు

క్యాన్సర్ అని తేలినవారు, లేదా ఆ అనుమానంతో పెద్దాస్పత్రికి వెళ్లమన్నవారు క్యాన్సర్ వైద్యుణ్ణి మొదటిసారి కలిసేలోపు పడే ఆందోళన మామూలు జబ్బుల విషయంలో కనిపించేది కాదు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, చెప్పింది చెవికెక్కదు. ఆస్పత్రి సిబ్బంది ఆదరంగా, నిజాయితీగా మాట్లాడి ఈ ఆందోళనను తగ్గించే తీరును సైకో-ఆంకాలజీ అధ్యయనం చేస్తుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో 1977లో మనోవైద్య విభాగాన్ని మొదలుపెట్టిన జిమ్మీ హాలండ్‌ను ఈ శాస్త్రానికి ఆద్యురాలిగా చెప్పుకుంటారు.

భయం దేని గురించి

అందరూ అనుకునేట్టు ఈ దశలో రోగిని తినేసేది చావు భయం ఒక్కటే కాదు. ఆ రోజు ఏం జరుగుతుందో తెలియకపోవడం అంతకు తక్కువది కాదు. వెళ్లగానే చేర్చుకుంటారా, ఆ పూటే మందు ఎక్కిస్తారా, ఆపరేషన్ అంటారా, జుట్టు ఊడిపోతుందా, డబ్బు ఎంత కట్టించుకుంటారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? వీటిలో సగం ప్రశ్నలకు జవాబు చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు. సాధారణంగా మొదటి సంప్రదింపులో వైద్యులు జబ్బు పూర్వాపరాలు అడుగుతారు, ఒళ్లు పరీక్షిస్తారు, పాత రిపోర్టులు చూస్తారు, ముక్క పరీక్ష (బయాప్సీ) స్లైడ్లు, బ్లాకులు మళ్లీ పరీక్షింపజేస్తారు, స్కానులు రాస్తారు. జబ్బు ఏ దశలో ఉందో తేలాకే చికిత్స నిర్ణయమవుతుంది. ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పేవారుంటే రోగి ఊహించుకున్న ఘోరాల్లో చాలావరకు అక్కడే తగ్గిపోతాయి.

తెలుగు జిల్లాల్లో దీనికి తోడు సూది భయం ఒకటి. గడ్డను కెలికితే, సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు మిగలడం చాలా అరుదు. బయాప్సీ లేకుండా జబ్బు రకం తెలియదు, రకం తెలియకుండా సరైన మందు లేదు. ఈ నమ్మకాన్ని ఎగతాళి చేసే డాక్టరు దగ్గరికి రోగి రెండోసారి రాడు, నాటువైద్యం వెతుక్కుంటూ పోతాడు. ‘అలా అని మీకు ఎవరు చెప్పారమ్మా?’ అని అడిగి, పూర్తిగా విని, ఆ తర్వాత వివరించినవారి మాట నిలుస్తుంది.

దేశాన్నిబట్టి కూడా భయం రూపు మారుతుంది. ఇంగ్లండ్‌లో అనుమానం కలగగానే కుటుంబ వైద్యుడు అత్యవసరంగా ఆస్పత్రికి పంపుతాడు. అలా వెళ్లిన ప్రతి 10 మందిలో 9 మందికి పైగా క్యాన్సర్ లేదనే తేలుతుంది. ఆ మాట ముందే చెప్పడం అక్కడ సగం మందు. మన దగ్గర చాలామంది ఊళ్లోనో జిల్లా కేంద్రంలోనో తీసిన బయాప్సీ రిపోర్టు చేత పట్టుకునే హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికో, విశాఖ దగ్గరి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో చేరతారు. వారికి పనికొచ్చేది ‘క్యాన్సర్ కాకపోవచ్చు’ అన్న ఓదార్పు కాదు, ‘ఇక్కడినుంచి ఏం చేద్దాం’ అన్న దారి.

చెప్పాలా, దాచాలా

ఒకప్పుడు రోగికి అసలు సంగతి చెప్పకపోవడమే దయ అనుకునేవారు. డొనాల్డ్ ఓకెన్ షికాగోలోని మైకేల్ రీస్ ఆస్పత్రిలో 219 మంది వైద్యులను అడిగి 1961లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దాదాపు 90 శాతం క్యాన్సర్ అని రోగికి చెప్పకుండా ఉండడానికే మొగ్గు చూపారు. 1979లో అవే ప్రశ్నలతో మరో అమెరికన్ బృందం సర్వే చేసేసరికి లెక్క తిరగబడింది: 97 శాతం మంది చెప్పడానికే మొగ్గారు. ఈ రెండు సర్వేల మధ్యకాలంలో చికిత్సలు మెరుగుపడ్డాయి, రోగుల హక్కుల మీద చర్చ పెరిగింది. అయితే చెప్పాలని ఒప్పుకున్నంత మాత్రాన ఎలా చెప్పాలో వచ్చేసినట్టు కాదు.

ఆ లోటు తీర్చడానికి పుట్టిన పద్ధతుల్లో పేరొందింది ‘స్పైక్స్’. టొరంటో క్యాన్సర్ వైద్యుడు రాబర్ట్ బక్‌మన్, హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రానికి చెందిన వాల్టర్ బెయిల్ తదితరులు 2000లో దీన్ని ప్రచురించారు. ఇందులో ఆరు మెట్లు. చాటుగా కూర్చునే చోటు చూసుకోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం, తేలిక మాటల్లో కొద్దికొద్దిగా చెప్పడం, రోగి కంటనీరు పెట్టుకున్నా కోప్పడినా దాన్ని గుర్తించి పలకడం, చివర తర్వాతి అడుగులు కలిసి ఖాయం చేసుకోవడం. కిక్కిరిసిన ఓపీలో ఆరూ కుదరవని డాక్టర్లు అంటారు, అది నిజమే. రెండో మెట్టు, మూడో మెట్టు మాత్రం ఎంత రద్దీలోనైనా వదలకూడనివి. ‘ఇప్పటిదాకా మీకు ఏం చెప్పారు?’, ‘వివరాలు మీకే చెప్పమంటారా, మీ అబ్బాయికి చెప్పమంటారా?’ అని అడగడానికి నిమిషం కూడా పట్టదు.

నలభై సెకన్లు

టైము లేదన్న మాటకు గట్టి జవాబు 1999లో వచ్చింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 210 మంది మహిళలకు వీడియో చూపించారు. వారిలో 123 మంది రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్నవారు. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు ఉన్న చికిత్సల గురించి డాక్టరు రోగితో మాట్లాడుతున్న దృశ్యం అది. సగం మందికి చూపిన వీడియోలో అదనంగా ఉన్నవల్లా కష్టం తనకు అర్థమైందని, తాను వెంట ఉంటానని డాక్టరు చెప్పిన మాటలే. మొత్తం కలిపి 40 సెకన్లు. ఆ మాటలు విన్నవారి ఆందోళన రెండో గుంపువారికంటే తగ్గింది, ఆ డాక్టరు మీద గురీ పెరిగింది. ఒక విషయంలో మాత్రం తేడా రాలేదు. చికిత్స వివరాలు రెండు గుంపులకూ అంతంతమాత్రమే గుర్తున్నాయి. ఆదరణ భయాన్ని తగ్గిస్తుంది గానీ జ్ఞాపకాన్ని పెంచదు. కాబట్టి ముఖ్యమైనవి కాగితం మీద రాసివ్వాల్సిందే.

ఆదరణ డాక్టరు నోటే రావాలని లేదనడానికి కెనెత్ ష్వార్ట్జ్ అనుభవం సాక్ష్యం. బోస్టన్‌కు చెందిన ఈ న్యాయవాదికి నలభై ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్సకు ముందు వివరాలు రాసుకునే నర్సు మొదట గబగబా, ముక్తసరిగా ప్రశ్నలు వేసింది. తనకు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉండొచ్చని అప్పుడే తెలిసిందని ఆయన చెప్పగానే ఆమె తీరే మారిపోయింది. ఆపరేషన్ రోజు తన పని కాకపోయినా వచ్చి చేయి పట్టుకుని వెళ్లింది. ఈ సంగతిని ఆయన 1995 జులైలో బోస్టన్ గ్లోబ్ మ్యాగజైన్‌లో రాశారు, అదే ఏడాది కన్నుమూశారు. ఆయన పేరిట ఏర్పడిన కేంద్రం ఆస్పత్రి సిబ్బంది తమ మనసులోని బరువు చెప్పుకునే సమావేశాలు నడుపుతోంది. ‘ష్వార్ట్జ్ రౌండ్స్’ అనే ఈ సమావేశాలు బ్రిటన్ ఆస్పత్రుల్లోకీ వచ్చాయి. సిబ్బందిని అలసటకు వదిలేసి రోగి పట్ల ఆదరం చూపమనడం దండగన్నదే వాటి వెనకున్న ఆలోచన.

కౌంటర్ దగ్గరే మొదలు

రోగి మొదట చూసేది డాక్టరును కాదు, ఓపీ చీటీ రాసే మనిషిని. ప్రభుత్వ పథకం కింద వచ్చినవారైతే ఆస్పత్రిలో వారికి సాయపడే ఆరోగ్యమిత్రను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్సల ఖర్చు భరిస్తూ వచ్చింది. కార్డు చెల్లుతుందో లేదో తేలే ఆ కిటికీ దగ్గర ఇంటిల్లిపాది గుండె ఆగినంత పనవుతుంది. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి దిగినవారికి ‘అది ఇక్కడ కాదు, అక్కడికెళ్లు’ అన్న మాట ఒకటి, ‘ఈ రోజు మందేమీ ఎక్కించరమ్మా, సారు చూసి పరీక్షలు రాస్తారు, సాయంత్రానికి బయల్దేరొచ్చు’ అన్న మాట ఒకటి. రెండింటికీ పట్టే సమయం ఇంచుమించు ఒకటే.

ఇలా ముందే చెప్పడం ఎంత పనిచేస్తుందో అమెరికాలో నార్త్ కరొలినా పరిశోధకులు క్యాన్సర్ క్లినిక్‌కు కొత్తగా వచ్చిన 150 మంది మీద పరీక్షించి 1998లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి ముందుగా క్లినిక్ తిప్పి చూపించారు, వేళలు, ఫోన్ నంబర్లు చెప్పారు, సందేహాలు తీర్చారు. అంతే. వారిలో ఆందోళన మిగతావారికంటే తగ్గింది. వైద్యంలో ఇంత చవకైన చికిత్సలు అరుదు.

రోగి చేయి పట్టి నడిపించేవారిని నియమించే పద్ధతికి న్యూయార్క్‌లోని హార్లెమ్ ఆస్పత్రిలో 1990లో హెరాల్డ్ ఫ్రీమన్ శ్రీకారం చుట్టారు. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి ఇలాంటి సహాయకులకు శిక్షణనిచ్చే ‘కేవట్’ కార్యక్రమాన్ని నడుపుతోంది. రాముణ్ణి గంగ దాటించిన పడవవాడి పేరది.

ఇంట్లోవాళ్ల అడ్డు

‘నాన్నకు చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేడు’ అని గది బయటే ఆపి బతిమాలే కొడుకులు, కూతుళ్లు మన ఆస్పత్రుల్లో రోజూ కనిపిస్తారు. అది ప్రేమే. కానీ గేటు మీద బోర్డు చూసే ఆ తండ్రి లోపలికి వచ్చాడు. హాల్లో కూర్చున్నవారి తలగుడ్డలు, ముక్కు గొట్టాలూ చూశాడు. పిల్లలు బాధపడతారని తానూ నోరు మెదపడు. ఒకరికి తెలియకూడదని ఒకరు దాచుకుంటూ ఎవరికివారే కుమిలిపోతారు.

ఇక్కడ కొడుకును కసిరితే పని చెడుతుంది. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందు అతణ్ణే అడగాలి. ఆ తర్వాత రోగితో మాట్లాడి, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆయన్నే అడగాలి. ‘మావాడికే చెప్పండి’ అని ఆయన అంటే అదీ ఆయన నిర్ణయమే, దాన్ని మన్నించాలి. ఇక బంధువులు ఊరట పేరుతో అనే ‘ఏం కాదులే’ నిజానికి సంభాషణకు తలుపు మూసేస్తుంది. పెద్ద పెద్ద చదువులున్న వైద్యులు కూడా ఇదే మాటతో గది దాటిస్తుంటారు.

భయాన్ని కొలవడం

మనసు బాగాలేదని, మానసిక వైద్యం కావాలని ఒప్పుకోవడం చాలామందికి నామోషీ. ఆ ఇబ్బంది తప్పించడానికి జిమ్మీ హాలండ్ బృందం 1998లో థర్మామీటరు బొమ్మ గీసిన కాగితాన్ని వాడింది. గత వారంలో పడ్డ వేదనను రోగి 0 నుంచి 10 వరకు ఉన్న గీత మీద గుర్తు పెడతాడు. 4 లేదా అంతకు మించితే సిబ్బంది ఆగి మాట్లాడాలి. పక్కనే ప్రయాణం, పిల్లల సంరక్షణ, డబ్బు వంటి ఇక్కట్ల జాబితా కూడా ఉంటుంది. 

శిక్షణ

మాటతీరు పుట్టుకతో రావాలే గానీ నేర్పితే రాదన్న అభిప్రాయం వైద్యుల్లో చాలాకాలం ఉండేది. దానికి భిన్నంగా భారత వైద్య మండలి 2018లో ‘ఎట్‌కామ్’ అనే పాఠ్యక్రమాన్ని వెలువరించింది. వైద్య విద్యార్థికి వైఖరి, నైతికత, సంభాషణ నేర్పడం దాని ఉద్దేశం. 2019లో ఎంబీబీఎస్‌లో చేరినవారు ఈ పాఠాలు తప్పనిసరిగా చదివిన తొలి బ్యాచ్. కౌంటర్లో చీటీ రాసేవారికి, వార్డుబాయ్‌లకు, ఆరోగ్యమిత్రలకు మాత్రం ఆ పాఠ్యక్రమం వర్తించదు.