మూత్రమార్గ ఫిస్టులా (ఆపరేషన్ల తర్వాత వచ్చేది)

మూత్రసంచి నుంచో మూత్రనాళం (మూత్రపిండం నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టం) నుంచో యోనిలోకో గర్భసంచిలోకో ఏర్పడే అసహజమైన దారి మూత్రమార్గ ఫిస్టులా. పేద దేశాల్లో దీనికి ముఖ్య కారణం రోజుల తరబడి సాగే కష్టకాన్పు. బిడ్డ తల ఒత్తిడికి మూత్రసంచి గోడ రక్తం అందక కుళ్లిపోతుంది. సిజేరియన్ వేళకు అందేచోట ఆ రకం తగ్గి, ఆపరేషన్లలో తగిలే దెబ్బే ప్రధాన కారణంగా మిగిలింది. వాటిలో మొదటిది గర్భసంచి తొలగింపు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. కాబట్టి ఇది మన ఇళ్లకు దూరపు జబ్బు కాదు.

మూత్రసంచి గర్భసంచి ముఖద్వారానికి ముందువైపు అతుక్కుని ఉంటుంది. మూత్రనాళం ఆ ముఖద్వారానికి సుమారు 2 సెంటీమీటర్ల పక్కగా, గర్భాశయ ధమని కిందుగా పోతుంది. గర్భసంచి తీసేటప్పుడు రక్తం ఆపబోయి వేసిన బిగింపులో నాళం చిక్కుకోవచ్చు. యోని పైభాగాన్ని మూసే కుట్టు మూత్రసంచిలోకి దిగవచ్చు. రక్తం ఆగేలా కాల్చే కాటరీ వేడికి కమిలిన గోడ కొన్నాళ్లకు ఊడి రంధ్రమవుతుంది. అందుకే చాలామందిలో మూత్రం కారడం వారం, పది రోజుల తర్వాత మొదలవుతుంది.

దగ్గినప్పుడు కాస్త మూత్రం పడడం వేరు, రాత్రీ పగలూ ఆగకుండా గుడ్డలు తడిసిపోవడం వేరు. ‘ఆపరేషనయ్యాక కొన్నాళ్లు ఇంతేలే’ అని ఇంటికి పంపడం పెద్ద తప్పు. మూత్రనాళం ఒకటే తెగితే మామూలుగా మూత్రం వస్తూనే, మరోపక్క కారుతూ ఉంటుంది. రెండో మూత్రపిండం పనిచేస్తూనే ఉంటుంది కదా. సిజేరియన్ తర్వాత ఫిస్టులా గర్భసంచిలోకి పడితే నెలసరి రక్తం మూత్రంలో కనిపించవచ్చు.

గుర్తించే పరీక్ష చాలా చవక. యోనిలో మూడు దూది ఉండలు వరసగా పెట్టి, కేథటర్‌తో మూత్రసంచిలోకి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఎక్కిస్తారు. లోపలి ఉండ నీలమైతే రంధ్రం మూత్రసంచిది. రంగు అంటకుండా తడిస్తే మూత్రనాళాన్ని అనుమానించాలి.

చిన్న రంధ్రం తొందరగా దొరికితే, కొన్ని వారాలు కేథటర్ ఉంచితే మూసుకోవచ్చు. నాళానికి స్టెంట్ వేస్తారు, కుదరకపోతే దాన్ని మూత్రసంచికి కొత్తగా అతుకుతారు. మిగతావాటికి వాపు తగ్గాక, తరచు 6–12 వారాలకు, యోని వైపు నుంచో పొట్ట వైపు నుంచో ఆపరేషన్ చేస్తారు. మొదటి ప్రయత్నానికే గెలుపు అవకాశం ఎక్కువ గనుక అనుభవం ఉన్నవారినే వెతుక్కోవాలి.

ఈ చికిత్స చరిత్రలో ఒక గాయం ఉంది. అమెరికాలోని మాంట్‌గొమెరీలో 1845–49 మధ్య జె. మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిస స్త్రీలపై, మత్తు లేకుండానే, ఈ ఆపరేషన్‌కు మెరుగులు దిద్దాడు. ఆనార్కా అనే ఆమెకు సుమారు 30 సార్లు చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని అతని విగ్రహాన్ని 2018లో తొలగించారు. ఆనార్కాకూ, అతని చేతిలో అలాగే బాధపడ్డ లూసీ, బెట్సీలకూ స్మారకం 2021లో మాంట్‌గొమెరీలోనే వెలిసింది.