నికోబార్ మొగలి

ఇచ్ఛాపురం, సోంపేట తీరాన పెరిగినవాళ్లకు మొగలి పొద గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆకుల అంచున ముళ్లు, లోపల పాములుంటాయన్న భయం, ఆ రెంటినీ మరిపించే వాసన. ఆ వాసన మగ చెట్టు పూలది. ఆడ చెట్టు కాయను మనవైపు పట్టించుకునేవాళ్లు తక్కువ. సముద్రం దాటి నికోబార్ చేరితే మాత్రం, తరతరాలుగా మనుషుల కడుపు నింపింది ఆడ మొగలే.

అక్కడి జాతి మొగలి ఊతవేళ్ల మీద నిలబడి, స్తంభంలా నిటారుగా పెరుగుతుంది. మనిషి తలకన్నా పెద్ద కాయ కాస్తుంది. దాన్ని బాగా ఉడికించి, గుజ్జు గీకి, పీచు తీసేసి ముద్ద చేసుకుంటారు. సంప్రదాయంగా వరి పండించని ఈ దీవుల్లో కొబ్బరి, చేప, పంది మాంసం పక్కన అన్నం చోటు దానిదే.

ఈ సంగతి పాలించడానికి వచ్చినవాళ్లకు ఆలస్యంగా తెలిసింది. 1750ల్లో తమిళ తీరపు తరంగంబాడి నుంచి వచ్చిన డెన్మార్క్ వాళ్లు దీవులకు తమ రాజు ఫ్రెడరిక్ పేరు పెట్టారు గానీ, జ్వరాలకు తట్టుకోలేకపోయారు. 1778లో ఆస్ట్రియా జెండాతో 'జోసెఫ్ ఉండ్ థెరేసియా' అనే ఓడ నాన్‌కౌరీ రేవుకొచ్చింది. ఆ వలసా నిలవలేదు. నిలిచింది ఓడ వైద్యుడు నికోలాస్ ఫోంటానా రాసిన వ్యాసం. 1792లో కలకత్తా 'ఏషియాటిక్ రిసెర్చెస్' మూడో సంపుటంలో అది అచ్చయింది. పోర్చుగీసువాళ్లు 'మెల్లోరి' అన్న ఆ పండును ఆయన శ్రద్ధగా వర్ణించాడు. అదే చోట పండితుడు విలియం జోన్స్ దానికి శాస్త్రనామం ఇస్తూ, దీవివాసుల మాటనే తీసుకున్నాడు: పాండానస్ లేరమ్. డెన్మార్క్ రాజు పేరు పటాల్లోంచి చెరిగిపోయింది. 1869లో బ్రిటిష్ వాళ్లు దీవుల్ని కలుపుకున్నారు. 'లేరమ్' మాత్రం ప్రపంచమంతటి వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఉంది.

2004 డిసెంబర్ 26న సునామీ తీరపు తోటల్ని ఊడ్చేసింది. ట్రింకెట్ దీవి ముక్కలైంది. సాయంగా బియ్యం వచ్చింది, అది అవసరమే. కానీ మొగలి తోట మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

గ్రేట్ నికోబార్ అడవిలోని షోంపెన్ ఆదివాసులకు నేటికీ ఇదే ప్రధాన ఆహారం. అక్కడ రేవు, విమానాశ్రయం, నగరం కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి దక్కింది. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి దానికి పోతుంది. చెట్ల లెక్క కట్టేటప్పుడు కలపతో ఆగకుండా ఈ తిండినీ లెక్కించమని గట్టిగా అడగాలి. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల మొత్తం జనంలో వందకు 13 మంది తెలుగు మాట్లాడేవాళ్లే. ఆ అడిగే గొంతుల్లో వాళ్లదీ ఉండాలి.