బాయిలర్ల కంపెనీ నుంచి పొట్ట దాకా

1955 జూలై 21న గ్లాస్గో ప్రసూతి వైద్య ప్రొఫెసర్ ఇయాన్ డోనాల్డ్ ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కారు డిక్కీలో పెట్టుకుని రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కంపెనీకి బయల్దేరారు. లోహంలో పగుళ్లు పట్టే శబ్దతరంగాల యంత్రం అక్కడుంది. పోలిక కోసం ఓ పెద్ద మాంసం ముక్కనూ పరీక్షించారు. నీటితిత్తి ప్రతిధ్వని ఒకలా, గట్టి గడ్డది మరోలా వచ్చాయి.

ఆ తర్వాత ఒకామె కేసు వచ్చింది. పొట్ట ఉబ్బిపోయింది, మనిషి చిక్కిపోయింది. జీర్ణాశయ క్యాన్సర్ ముదిరిందని సర్జన్లు తేల్చేశారు. డోనాల్డ్ బృందం ఆమె పొట్టకు ఆలివ్ నూనె రాసి ప్రోబ్ ఆనించింది. తెర మీద కనిపించింది క్యాన్సర్ కాదు, పెద్ద నీటితిత్తి! అండాశయం నుంచి దాన్ని తీసేశారు. ఆమె బతికింది. వైద్య చరిత్రలో ఇంతకంటే గొప్ప మలుపులు అరుదు.

డోనాల్డ్, జాన్ మెక్‌వికార్, ఇంజినీర్ టామ్ బ్రౌన్ కలిసి ఈ పరీక్షల మీద రాసిన వ్యాసం 1958 జూన్‌లో వైద్య పత్రిక 'లాన్సెట్'లో వచ్చింది.

ఆ శబ్దతరంగాల పరీక్షే నేటి అల్ట్రాసౌండ్ స్కానింగ్. ఇప్పుడు అజీర్తి అనగానే చాలామంది ఆ స్కానింగే అడుగుతారు. పిత్తాశయంలో రాళ్లుంటే అది చక్కగా చూపిస్తుంది. పరగడుపున రమ్మనేది అందుకే, తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది. కానీ రాయి కనిపించినంత మాత్రాన ఉబ్బరానికి అదే కారణమని కాదు. పైగా గ్యాస్ శబ్దతరంగాలకు అడ్డుగోడ. జీర్ణాశయం లోపొరలోని పుండును చూడాలంటే నోట్లోంచి గొట్టం వేసే ఎండోస్కోపీయే చేయాలి.