పాత మోటారు సైకిలుకు కొత్త బేరింగు వేసినా ఎందుకు పోతోంది?

కర్నూలు, కడప పల్లెల్లో రాజ్‌దూత్, యెజ్డీ, బుల్లెట్, తొలితరం హీరో హోండా బండ్లు ఇంకా పని చేస్తూనే ఉన్నాయి. పత్తికొండ మార్కెట్టుకు టమాటా పెట్టెలు, చేనికి యూరియా మూటలు, ఇంటికి పశువుల మేత వీటి మీదే పోతాయి. అంత బరువుతో పోతుండగా బేరింగు పగిలి చక్రం పట్టేస్తే బండి అదుపు తప్పుతుంది. కాబట్టి చక్రం ఊగుతుంటే, ఈ కాపు అమ్మాక చూద్దాంలే అని వాయిదా వేయకండి.

ముందు లోపం బేరింగుదేనా అని తేల్చుకోవాలి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం నేలకు తగలకుండా ఇంజను కింద చెక్కదిమ్మె పెట్టండి. ఇరుసు నట్టు బిగుతుగా ఉందో లేదో చూసి, టైరును పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపండి. ఫోర్కు కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే బేరింగు అరిగినట్టే. ఫోర్కు కూడా కదిలితే హ్యాండిల్ కోన్‌సెట్టు చూపించాలి. వెనక చక్రం దగ్గర స్వింగ్ ఆర్మ్ బుష్షులు అరిగినా ఇలాగే అనిపిస్తుంది.

యెజ్డీలు తయారు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. అయినా బేరింగు కోసం దిగులు పడనక్కర్లేదు. చాలా బండ్లలో ఉండేవి అన్ని బేరింగు షాపుల్లో దొరికే కొలతలవే. పాతదాని అంచు మీద నంబరు చదవండి. ఉదాహరణకు 6203 అంటే లోపలి వ్యాసం 17, బయటి వ్యాసం 40, వెడల్పు 12 మిల్లీమీటర్లు. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నదే అడగండి. ఇనుప మూత ఉన్నది దుమ్మును కొంత ఆపుతుంది గానీ, వంక దాటేటప్పుడు నీళ్లను ఆపదు. ఆ చక్రానికి ఉన్న బేరింగులు, ఆయిల్ సీలు అన్నీ ఒకేసారి మార్చాలి.

కొత్తది నెల తిరక్కుండా పోతే కంపెనీని తిడతాం. నిజానికి ఎక్కువసార్లు తప్పు బిగించడంలో ఉంటుంది. విప్పేటప్పుడు ఏ వాషరు ఎటు వైపు ఉందో ఫోనులో ఫొటో తీసుకోండి. బేరింగును పట్టి ఉంచే రింగు కొన్ని పాత హబ్బుల్లో రివర్స్ మర మీద ఉంటుంది, తెలియక బలవంతం చేస్తే మర చెడిపోతుంది. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టం చాలా ముఖ్యం. అది లేకుండా ఇరుసు బిగిస్తే లోపలి రింగులు ఒకదానివైపు ఒకటి నొక్కుకుపోయి, గుండ్లు నలిగిపోతాయి.

అల్యూమినియం హబ్బు మీద మరిగే నీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి వేడి చేస్తే బేరింగు సులువుగా దిగుతుంది. గ్యాస్ మంట పెట్టొద్దు. బయటి రింగు కొలతకు సరిపోయే సాకెట్టు పెట్టి, దాని మీదే కొట్టాలి. లోపలి రింగు మీద సుత్తి దెబ్బ పడితే గుండ్ల దారిలో గుంటలు పడి, ఆ రోజే బేరింగు సగం పోయినట్టు. మొదటిది పూర్తిగా కూర్చోబెట్టి, స్పేసర్ పెట్టి, రెండోదాన్ని స్పేసర్‌కు తగిలేంత వరకే దించండి. వేలితో తిప్పితే సాఫీగా తిరగాలి.

బేరింగు హబ్బులో వదులుగా కూర్చుంటే కొందరు పంచితో గాట్లు కొడతారు, డబ్బా రేకు చుడతారు. నేను ఒప్పుకోను. బరువు పడగానే అది మళ్లీ కదులుతుంది. లేతు షాపులో స్లీవు వేయించండి.

గ్రీజు బ్రేకు డ్రమ్ములోకి పోకుండా చూసుకోండి, బ్రేకు పడదు. ఛైను బిగించి వదిలినా వెనక బేరింగు మీద భారం పడుతుంది. బోరు నీళ్ల పైపును హబ్బు మీదకు నేరుగా పెట్టి కడగొద్దు. యూరియా మోసిన రోజు మాత్రం తడిగుడ్డతో తుడవండి, అది తేమను లాగి ఇనుమును తినేస్తుంది. కొత్త బేరింగు వేశాక వారానికి ఇరుసు నట్టు, చక్రం ఊపు మరోసారి చూసుకుని, తర్వాతే పూర్తి బరువు వేయండి.